మడత సైకిలు కొనే ముందు ట్యూబు అడగండి

మడత సైకిలు కొనాలనుకుంటున్నాం, ఏది మంచిదో చెప్పండని అడిగేవాళ్లు ఈ మధ్య ఎక్కువయ్యారు. కంపెనీ పేరు చెప్పమని వాళ్ల ఉద్దేశం. నేను పేరు చెప్పను. మీ వీధి చివర పంక్చర్లు వేసే అతని దగ్గరికి వెళ్లి, ఆ సైకిలుకి పట్టే సైజు ట్యూబు ఉందా అని అడిగి రమ్మంటాను. ఉందంటే మిగతా విషయాలు మాట్లాడుకోవచ్చు. లేదంటే, అది ఎంత ముద్దుగా ఉన్నా, ఎంత చిన్నగా మడిచినా, రెండేళ్లు తిరిగేసరికి బాల్కనీలో తడి తువ్వాళ్లు ఆరేసుకోవడానికే పనికొస్తుంది. అలాంటి బాల్కనీలు నేను చాలానే చూశాను.

నేనుండేది తెనాలి. ఉద్యోగం విజయవాడలో, ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో కామర్స్ చెబుతాను. సీజన్ టికెట్ మనిషిని. రైలు ముప్పై కిలోమీటర్లు హాయిగా తీసుకెళ్లి దించేస్తుంది కానీ, ఇంటి నుంచి తెనాలి స్టేషనుకీ, విజయవాడ స్టేషను నుంచి కాలేజీకీ ఉన్న ఆ కాస్త దూరాలే ప్రాణం తీస్తాయి. షేర్ ఆటోలో ఏడో మనిషిగా ఒక కాలు బయటపెట్టి కూర్చునే వయసు నాది కాదు. ఆ రెండు కొసల్నీ ఎనిమిదేళ్లుగా ఒక 20 అంగుళాల మడత సైకిలు కలుపుతోంది. కాబట్టి కొత్త వస్తువు మీది మోజుతో కాక, వస్తువు పాతబడ్డాక బయటపడే గుణాలు చూసి ఈ మాటలు రాస్తున్నాను.

ముందు ఒక పెడసరం మాట. రోజూ మడవాల్సిన అవసరం లేనివాళ్లు మడత సైకిలు కొనకూడదు. ఎప్పుడైనా కారు డిక్కీలో వేసుకోవచ్చు కదా, ఊరికి తీసుకెళ్లొచ్చు కదా అని కొంటారు. ఆ ‘ఎప్పుడైనా’ ఏడాదికి ఒకసారి వస్తే గొప్ప. మడత అనేది ఊరికే వచ్చే సౌకర్యం కాదు. దానికోసం ఫ్రేమును మధ్యలో కోసి కీలు పెడతారు, హ్యాండిల్ కింద మరో కీలు పెడతారు, సీటు రాడ్డు మామూలుకన్నా రెట్టింపు పొడుగు చేస్తారు. వీటిలో ప్రతిదీ బరువు, ఖర్చు, ఒక కొత్త అరుగుదల. రోజూ రైలెక్కే నాకు ఆ ఖర్చు తిరిగి వస్తుంది. ఇంటి నుంచి రైతుబజారుకి, పార్కుకి తిరిగేవాళ్లకి ఎందుకొస్తుంది?

మరి అపార్టుమెంటు లిఫ్టులో పట్టాలి, వరండాలో అడ్డం రాకూడదు, కాలు ఎత్తకుండా ఎక్కాలి అనేవాళ్లకి వేరే దారి ఉంది. చిన్న చక్రాలుండి మడత లేని సైకిళ్లు. జపాన్‌లో వీటిని మినీ వెలో అంటారు. మన దగ్గర తక్కువే దొరుకుతాయి కానీ దొరుకుతాయి. హ్యాండిల్‌ని అడ్డం తిప్పి, పెడళ్లు లోపలికి ముడిచే రకం పెట్టించుకుంటే గోడకి ఆనుకుని ఎంత జాగాలో నిలబడుతుందో చూస్తే ఆశ్చర్యపోతారు. మోకాళ్ల నొప్పులున్న మా పెద్దాడపడుచుకి నేను సిఫారసు చేసింది అదే. మడత సైకిలు పట్టుకుని రాస్తూ మడత వద్దనడమేమిటని మా ఆయన నవ్వుతారు. ఆయనకి బండి ఉంది, ఆయన లెక్క వేరు.

చిన్న చక్రం మీద మనవాళ్లకున్న అపోహల్లో మొదటిది, ఎక్కువ తొక్కాలని. చక్రం చిన్నది కాబట్టి పెడల్ ఒకసారి తిప్పితే తక్కువ దూరం పోతుందని అనుకుంటారు. పెడల్‌కీ చక్రానికీ మధ్య పళ్ల చక్రాలు రెండున్నాయని మరిచిపోతారు. లెక్క చాలా చిన్నది: చక్రం అంగుళాలని ముందు పళ్లతో గుణించి వెనక పళ్లతో భాగించాలి. మన పాత నల్ల సైకిలు 28 అంగుళాల చక్రంతో, ముందు 44 పళ్లు, వెనక 18 పళ్లు అయితే 68 వస్తుంది. నా సైకిలుకి ముందు 52 పళ్లు. వెనక అన్నిటికన్నా చిన్నది 14, పెద్దది 28. చిన్నదాని మీద 74, పెద్దదాని మీద 37. అంటే బందరు రోడ్డు మీద తాతగారి సైకిలుకన్నా కాస్త ముందే ఉంటాను, ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు ఆయన దిగి నడిపించిన చోట నేను కూర్చునే పోతాను. చక్రం పొట్టిదనాన్ని ముందున్న పెద్ద పళ్ల చక్రం సర్దేస్తుంది.

అసలు ఈ అపోహ ఎక్కడ పుట్టిందో చెప్పే కథ ఒకటుంది. 1956లో సూయెజ్ గొడవతో బ్రిటన్‌లో పెట్రోలుకి రేషన్ పెట్టారు. అలెక్స్ మౌల్టన్ అనే ఇంజినీరుకి అప్పుడు సైకిలు మీద దృష్టి పడింది. ఆయన రబ్బరు మనిషి. మినీ కారుకి రబ్బరు సస్పెన్షన్ రూపొందించింది ఆయనే. చక్రం చిన్నది చేస్తే ఫ్రేము కిందికి దిగుతుంది, సామాను పెట్టుకోవడానికి జాగా మిగులుతుంది, బండి చురుగ్గా కదులుతుంది. కానీ కుదుపు ఎక్కువవుతుంది. అందుకని గాలి గట్టిగా పట్టే సన్న టైర్లు వేసి, కుదుపు సంగతి చూసుకోవడానికి ముందూ వెనకా సస్పెన్షన్ పెట్టాడు. 1962లో ఆ సైకిలు బయటికొచ్చింది, బాగా అమ్ముడుపోయింది. దాన్ని చూసి ర్యాలీ కంపెనీ 1965లో తన చిన్న చక్రాల సైకిలు దించింది. సస్పెన్షన్ ఖర్చు తప్పించుకోవడానికి లావు టైర్లు, వాటిలో మెత్తగా గాలి. చూడ్డానికి మౌల్టన్ లాగే ఉంది, తొక్కితే మాత్రం బరువు. వేలమంది దాన్నే కొన్నారు, చిన్న చక్రమంటే నత్తనడక అని తేల్చేశారు. 1967లో ర్యాలీ ఏకంగా మౌల్టన్ కంపెనీనే కొనేసింది. 1986లో జిమ్ గ్లోవర్ అనే అతను గాలి తొడుగు బిగించిన మౌల్టన్ సైకిలు మీద 200 మీటర్ల పరుగులో గంటకి 82 కిలోమీటర్ల వేగం దాటాడు. తప్పు చక్రానిది కాదు, చవక టైరుదని అప్పటికైనా తెలిసి ఉండాలి. మన బజారులో ఇప్పుడు అమ్ముతున్న సగం మడత సైకిళ్లు ఆ 1965 పొరపాటునే మళ్లీ చేస్తున్నాయి.

అలాగని చిన్న చక్రానికి దోషమే లేదనను. గుంత విషయంలో ఉంది. నా టైరు అర్ధవ్యాసం 25 సెంటీమీటర్లు, పెద్ద సైకిలుది దాదాపు 36. రోడ్డు మీద 5 సెంటీమీటర్ల అంచు తగిలితే నాకది అర్ధవ్యాసంలో అయిదో వంతు, వాళ్లకి ఏడో వంతు. దెబ్బ నాకే గట్టిగా తగులుతుంది. మ్యాన్‌హోల్ మూతల దగ్గర, తెనాలి స్టేషను రోడ్డులో కేబులు కోసం తవ్వి మట్టి కప్పి వదిలేసిన చారల దగ్గర నేను చూపు ముందుకి పెట్టి తొక్కడం నేర్చుకున్నాను. అరుగుదల కూడా ఎక్కువే. కిలోమీటరుకి పెద్ద చక్రం 445 సార్లు తిరిగితే నాది 635 సార్లు పైగా తిరుగుతుంది. అదే రబ్బరు అయితే టైరు 30 శాతం ముందే అరిగిపోతుందన్నమాట. హబ్బులో గోళీలూ అంతే. ఇవి కొనేముందే లెక్కలో వేసుకోవాల్సిన ఖర్చులు. ఖర్చు ఉండటం తప్పు కాదు. ఆ ఖర్చు పెట్టడానికి వస్తువు దొరక్కపోవడమే అసలు చిక్కు.

అందుకే మొదట ట్యూబు అడగమన్నాను. దుకాణంలో 20 అంగుళాలు అంటే సరిపోదు. 20 అంగుళాలని రాసి ఉండే టైర్లలో ముఖ్యంగా రెండు రకాలున్నాయి, రిమ్ము కొలతలో 45 మిల్లీమీటర్ల తేడా. ఒకటి ఇంకోదానికి చచ్చినా ఎక్కదు. టైరు పక్కన సన్న అక్షరాల్లో 47-406 అనో 28-451 అనో ఉంటుంది. మొదటి అంకె లావు, రెండోది రిమ్ము. మీకు కావలసింది 406. పిల్లల బీఎమ్‌ఎక్స్ సైకిళ్లకి వచ్చే సైజు అది. 20 × 1.75, 20 × 2.125 అని రాసి ఉండే టైర్లు చిన్న ఊళ్లలో కూడా దుకాణం కప్పుకి వేలాడుతుంటాయి. లూథియానా టైరు వేసుకున్నా నడుస్తుంది, డబ్బులుంటే జర్మనీ టైరు తెప్పించుకున్నా అదే రిమ్ముకి ఎక్కుతుంది. 451 సన్నగా, వేగంగా ఉంటుంది నిజమే. అది చెడితే ఆన్‌లైన్‌లో ఆర్డరు పెట్టి పార్సిలు వచ్చేదాకా ఆటో ఎక్కాలి.

16 అంగుళాల్లోనూ ఇదే తంటా. చిన్నపిల్లల సైకిలుకి వచ్చేది 305. లండన్‌లో తయారయ్యే బ్రాంప్టన్‌కి వచ్చేది 349. మొదటిది ఎక్కడైనా దొరుకుతుంది, రెండోది మా రెండు ఊళ్లలోనూ నేను అడిగిన ఏ దుకాణంలోనూ లేదు.

బ్రాంప్టన్ పేరు ఎత్తాను కాబట్టి దాని సంగతి చెప్పకుండా వదిలేస్తే అన్యాయం. మడత సైకిలుని జీవితకాలపు వస్తువుగా చేయొచ్చని నిరూపించింది అదే. 1975లో ఆండ్రూ రిచీ తన లండన్ ఫ్లాటులో దాన్ని గీయడం మొదలుపెట్టాడు. కిటికీలోంచి కనిపించే చర్చి పేరే సైకిలుకి పెట్టాడు. వెనక చక్రం కిందికి మడుచుకుని, ముందు చక్రం పక్కకి వచ్చి, చైను రెండు చక్రాల మధ్య దాక్కుంటుంది. మడిస్తే 60 సెంటీమీటర్ల లోపు పొడవు, 27 సెంటీమీటర్ల మందం. రైల్లో పక్కవాళ్ల చీరకి గ్రీజు అంటదు. నలభై ఏళ్లుగా ఆ మడత తీరు పెద్దగా మారలేదు, అందువల్ల పాత సైకిళ్లకి కొత్త భాగాలు చాలావరకు పడతాయి. వెనక కీలులో బుష్షులు అరుగుతాయని వాళ్లే చెబుతారు, అరిగితే మార్చే పనిముట్లు వాళ్ల డీలర్ల దగ్గర ఉంటాయి. ఫ్రేము అతికిన పనివాళ్లు అతుకు మీద తమ గుర్తు వేస్తారట. నాకు ఆ గౌరవం నచ్చుతుంది.

కానీ లండన్‌లో ఉన్నవాళ్లకి అది సరైన సైకిలు, తెనాలిలో ఉన్న నాకు కాదు. దాని చుట్టూ డీలర్లు, భాగాలు, పని తెలిసిన చేతులు ఉన్నాయి కాబట్టే అక్కడ అది ముప్పై ఏళ్లు నడుస్తోంది. ఆ చుట్టుపక్కలని వదిలేసి సైకిలొక్కదాన్నే ఓడలో తెప్పించుకుంటే మనకి వచ్చేది సగం వస్తువు. పైగా అక్కడే మంచి మోడలు ధర వెయ్యి పౌండ్లు దాటుతుంది. 2023 బడ్జెట్‌లో సైకిళ్ల మీద దిగుమతి సుంకం 30 నుంచి 35 శాతానికి పెంచారు. ఇక్కడికి చేరేసరికి స్కూటరు కన్నా ఖరీదు. బెంగళూరులోనో హైదరాబాదులోనో ఉండి, మెట్రోలో రోజూ తిరుగుతూ, డబ్బుకి చూసుకోనివాళ్లు టైర్లు రెండు జతలు ముందే తెచ్చిపెట్టుకుని కొనుక్కోవచ్చు. వాళ్లని కాదనను.

మా మెకానిక్ బాబాయ్ హెర్క్యులిస్, అట్లాసుల కాలం మనిషి. నా సైకిలుని మొదటిసారి ఓవరాయిలింగుకి ఇచ్చినప్పుడు దాన్ని మూడుసార్లు మడిచి, తెరిచి చూసి ఒక మాటన్నాడు. “చక్రాలు నావి అమ్మాయ్, ఆ కీలు మాత్రం నీదే.” ఇంతకన్నా బాగా నా నలభై అయిదు నిమిషాల క్లాసులో కూడా చెప్పలేను. సైకిలుని రెండు భాగాలుగా చూడాలి. వీధి బాగుచేయగలిగిన భాగం, కంపెనీ మాత్రమే బాగుచేయగలిగిన భాగం. కామర్స్ పిల్లలకి మూలధన వ్యయం, రాబడి వ్యయం అని చెబుతాం కదా. ట్యూబు, టైరు, చైను, బ్రేకు కట్టలు రాబడి వ్యయం, ఏటేటా పెట్టుకుంటూ పోవచ్చు. కీలు పోయిందంటే ఆస్తే పోయినట్టు. కాబట్టి రెండో భాగం ఎంత తక్కువ ఉంటే సైకిలు అంత ఎక్కువకాలం ఉంటుంది.

ఈ కంటితో చూస్తే దుకాణంలో అమ్మేవాళ్లు చెప్పనివి కొన్ని కనిపిస్తాయి. చాలా మడత సైకిళ్లకి ముందు హబ్బు వెడల్పు 74 మిల్లీమీటర్లే ఉంటుంది, మడిచినప్పుడు సన్నగా రావాలని. మామూలు సైకిలు హబ్బు 100. ముందు చక్రం పాడైతే బజారులోది పట్టదు. సీటు రాడ్డు దాదాపు 34 మిల్లీమీటర్ల లావు, అర మీటరు పైగా పొడవు. అది వంగితే ఇంకోటి కంపెనీయే ఇవ్వాలి. వెనక ఫ్రీవీలు మరలా తిప్పి బిగించే ఏడు పలకల రకమైతే ఎక్కడైనా దొరుకుతుంది. తొమ్మిది, పది గేర్లని గొప్పగా చెప్పేవాటికి చైను కూడా వేరే. పుల్లలు 28కి తక్కువ ఉన్న చక్రాలు చూడ్డానికి సోకుగా ఉంటాయి, ఒక పుల్ల తెగితే ఔటు తీయడం కష్టం. గాలి ముక్కు మోటారు సైకిలు రకమైతే పెట్రోలు బంకులోనే పని అయిపోతుంది. నేను కొనేముందు ఇవన్నీ ఒక కాగితం మీద రాసుకుని వెళ్లాను. దుకాణంలో కుర్రాడు నన్ను ఏదో తనిఖీకి వచ్చిన ఆఫీసరనుకున్నాడు.

ఇక కీలు. గుమ్మం తలుపు బందు ఎప్పుడో కిర్రుమంటే నూనె చుక్క వేసి ఊరుకుంటాం, సైకిలు కీలు కిర్రుమంటే ఆ రోజు తొక్కకూడదు. మనిషి బరువు, గుంతల కుదుపు అంతా ఫ్రేము మధ్యలో ఆ కీలు దగ్గరే పడుతుంది. లాకు పిడి వేసేటప్పుడు చివర్లో గట్టిగా, అరచేతిలో అచ్చు పడేంత బిగువుండాలి. వదులైతే బిగించుకునే మర అక్కడే ఉంటుంది. పిడి దానంతటది తెరుచుకోకుండా రెండో కొక్కెం లేని సైకిలు కొనొద్దు. నెలకోసారి తడిగుడ్డతో కీలు చుట్టూ, వెల్డింగు అతుకుల మీద తుడవండి. శుభ్రత కోసం కాదు. వెంట్రుకంత గీత కనబడుతుందేమోనని. రంగు పగిలినట్టు గీత కనిపిస్తే దాన్ని గోరుతో గీకి సంతోషపడిపోకుండా కంపెనీకి చూపించండి.

అల్యూమినియమా, ఇనుమా అనే వాదనలో నేను ఇనుము పక్షం. అల్యూమినియం తేలిక, తుప్పు పట్టదు. కానీ దానికో గుణముంది: చిన్న చిన్న కుదుపులు కూడా దాని ఆయుష్షులో ఎంతో కొంత తీసేస్తూనే ఉంటాయి. ఉక్కుకి ఒక హద్దు ఉంది, ఆ హద్దులోపు వంపులు ఎన్ని లక్షలసార్లు పడినా ఓర్చుకుంటుంది. పైగా ఉక్కు అతుకు విడితే వెల్డింగు చేసేవాడు ప్రతి ఊళ్లోనూ ఉన్నాడు. అల్యూమినియం ఫ్రేముని అతికి, దానికి మళ్లీ మొదటి బలం తేవడం వీధి దుకాణం పని కాదు. ఉక్కుకి మన తేమ గాలే శత్రువు. వానాకాలం ముందు సీటు రాడ్డు తీసి గొట్టంలోకి కాస్త ఇంజినాయిలు పోసి తిప్పితే చాలా ఏళ్లు నెట్టుకొస్తుంది. ఒకటి రెండు కిలోల బరువు ఎక్కువ మోయాలన్నది నిజం. విజయవాడ స్టేషనులో మెట్ల వంతెన మీద ఆ రెండు కిలోలూ నా భుజానికి బాగా తెలుసు. అయినా మాట మార్చుకోను.

2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు సింగ్‌నగర్‌లో ఉండే మా సహోద్యోగి ఒకాయన సైకిలు కింది వాటాలో నీళ్లలో ఉండిపోయింది. మంచి సైకిలే, నాదానికన్నా ఖరీదుది. నీళ్లు తీశాక విప్పిస్తే హబ్బుల్లో బురద, చైను ఎర్ర ముద్ద. మెకానిక్ గోళీలు, కోనులు మార్చి, కొత్త చైను వేసి, తీగలన్నీ మార్చి రెండు చక్రాలూ తిరిగేట్టు చేశాడు. పెద్ద ఖర్చేం కాలేదు. కీలులో ఉన్న పిన్ను మాత్రం తుప్పుతో పట్టేసి, కొట్టి తీస్తే దెబ్బతింది. ఆ సైజు పిన్ను కోసం ఆయన అమ్మిన కంపెనీకి రాసీ రాసీ అలిసిపోయారు. ఆ మోడలు ఆపేశామన్నారట. ఇప్పుడాయన దాన్ని మడవకుండా మామూలు సైకిలులా తొక్కుతున్నారు. కాబట్టి కొనే రోజునే కంపెనీని అడగాల్సింది వారంటీ ఎన్నేళ్లని కాదు. కీలు పిన్ను, లాకు పిడి, హ్యాండిల్ కీలు విడిగా అమ్ముతారా? అమ్మితే అప్పుడే ఒక సెట్టు కొని బిల్లుతో పాటు బీరువాలో పెట్టుకోండి. నేను పెట్టుకున్నాను. 2025 సెప్టెంబరు 22 నుంచి సైకిళ్ల మీద జీఎస్‌టీ 12 నుంచి 5 శాతానికి తగ్గింది. ఆ మిగిలిన డబ్బు దీనికి పెట్టుకోవచ్చు.

ఆడవాళ్ల సంగతి ఎవరూ రాయరు, నేనైనా రాయాలి. ఈ సైకిళ్లకి మధ్య ఫ్రేము తక్కువ ఎత్తులో ఉంటుంది కాబట్టి చీరలో కూడా ఎక్కొచ్చు. అదే దీని పెద్ద గుణం. అయితే చైను కవరుండదు, ఉన్నా పళ్ల చక్రం మీద ఒక రేకు మాత్రమే. వెనక చక్రం చిన్నది కావడంతో కొంగు వేలాడితే నేరుగా పుల్లల్లోకి పోతుంది. మా బాబాయ్ వెనక మడ్‌గార్డుకి రెండు పక్కలా సన్న జాలీ కట్టాడు, మడతకి అడ్డం రాకుండా. రెండు వందల రూపాయల పని. ఏ కంపెనీకీ ఇంతవరకు తోచలేదు. ఇంకోటి, డబుల్స్. మనకి సైకిలుంటే వెనక ఒకరిని ఎక్కించుకోకపోతే తోచదు. ఈ సైకిళ్లకి మోయగల బరువు 100, 110 కిలోల దగ్గర ఆగుతుంది, అందులో మీరూ ఉన్నారు. పిల్లాణ్ని క్యారియరు మీద కూర్చోబెట్టి స్పీడు బ్రేకరు ఎక్కించారంటే కీలు మీద పడే దెబ్బ మీరు ఏడాదంతా తొక్కినా పడదు. మా అబ్బాయి ఇంటర్లో ఉండగా ఎన్ని అలకలు అలిగినా ఎక్కించుకోలేదు.

కరెంటు మడత సైకిళ్ల గురించి అడుగుతారు కూడా. 250 వాట్ల లోపు, గంటకి 25 కిలోమీటర్ల లోపు వేగం ఉంటే రిజిస్ట్రేషన్ అక్కర్లేదు, అది బాగానే ఉంది. కానీ ఇరవై కిలోల వస్తువుని మెట్ల మీద మోసేదెవరు? బ్యాటరీ ఫ్రేములోకి దూరి, ఆ కంపెనీ ఆకారంలోనే ఉంటుంది. నాలుగైదేళ్లకి అది పోయినప్పుడు కంపెనీ ఉంటుందో లేదో. పదేళ్ల వస్తువుగా నేను దాన్ని లెక్కకట్టలేను.

ఇంతా చెప్పాక, మంచి సైకిలు కొనుక్కుని స్టేషనుకి వెళితే అక్కడ మనకోసం ఒక్క వాక్యం రాసిపెట్టి లేదు. రైల్వే నిబంధనల ప్రకారం సైకిలు ఉచిత సామాను కింద లెక్కకి రాదు, బ్రేకువ్యానులో బుక్ చేయాలి. మడిచిన సైకిలు ఏమవుతుందో చెప్పరు. పెట్టె అనుకుంటే బోగీలోకి అనుమతించే కొలత 100 × 60 × 25 సెంటీమీటర్లు. ఏసీ త్రీటైరులో, చైర్‌కారులో 55 × 45 × 22.5. నా 20 అంగుళాల సైకిలు మడిస్తే పొడవు 80 దగ్గర, ఎత్తు 65, మందం 30 పైన. మొదటిది పాసు, మిగతా రెండూ ఫెయిలు. ప్రపంచంలో అన్నిటికన్నా చిన్నగా మడిచేవాటిలో ఒకటైన ఆ లండన్ సైకిలు కూడా మందంలో రెండు సెంటీమీటర్లు తప్పుతుంది. అంటే ఈ కొలతలు సైకిలుని దృష్టిలో పెట్టుకుని రాసినవి కావు, ట్రంకు పెట్టె కోసం రాసినవి. నేను గుడ్డ సంచి కుట్టించి, తలుపు పక్కన మరుగుదొడ్డి గోడకి ఆనించి నిలబెడతాను. చాలామంది టీటీఈలు చూసి నవ్వి వెళ్లిపోతారు. ఒకాయన మాత్రం సంచి విప్పించి, ఇది సైకిలే కదమ్మా అన్నారు. కాదని ఎలా అంటాను?

ఇతర చోట్ల రాశారు. కొచ్చి మెట్రో 2020లోనే సైకిళ్లని రైల్లోకి రానిచ్చింది. బెంగళూరు మెట్రో 2022లో మడత సైకిళ్లకి అనుమతి ఇచ్చి, చివరి బోగీ కేటాయించి, కొలతలు చెప్పింది. హైదరాబాదులో ఔటర్ రింగు రోడ్డు పక్కన 23 కిలోమీటర్ల సైకిలు బాట వేసి, పైన సోలారు పలకల కప్పు కప్పి 2023 అక్టోబరులో తెరిచారు. చాలా అందంగా ఉంది, ఆదివారాలు కార్ల మీద సైకిళ్లు కట్టుకుని వెళ్లి తొక్కి వస్తున్నారు. నాకు కప్పు అక్కర్లేదు. తెనాలి, గుంటూరు, విజయవాడ, ఏలూరు మధ్య రోజూ తిరిగే ప్యాసింజర్లలో, మెములలో ఒక్క నిబంధన చాలు: మడిచి సంచిలో పెట్టిన సైకిలు, 85 × 70 × 40 సెంటీమీటర్ల లోపు, 15 కిలోల లోపు, ఏ రుసుమూ లేకుండా బోగీ కొసన తలుపు పక్కన పెట్టుకోవచ్చు. దీనికి ఇటుక పేర్చనక్కర్లేదు, టెండరు పిలవక్కర్లేదు. డివిజను ఆఫీసులో ఒక సర్క్యులరు టైపు చేసి, నకలు స్టేషను బోర్డుకి అంటిస్తే సరి. ఇంకో నకలు నాకిస్తే ప్లాస్టిక్ కవరులో పెట్టి సీజన్ టికెట్‌తో పాటు దగ్గర ఉంచుకుంటాను.